బొజ్జ చెప్పిన వ్యాధి: బడ్జ్ బడ్జ్ రేవు నుంచి ఒక వైద్య చరిత్ర

కలకత్తా మహానగరానికి దక్షిణంగా, హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న చిన్న పట్టణం బడ్జ్ బడ్జ్. సముద్రం నుంచి నగరానికి వచ్చే ఓడలన్నీ ఈ రేవు ముందు నుంచే సాగిపోవలసి ఉండేది. 1756 డిసెంబరు చివర క్లైవు సేనలు ఇక్కడి కోటను పట్టుకున్నాయి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో జనపనార మిల్లులు, వాటి వెనువెంట కిరసనాయిలు నిల్వ చేసే గిడ్డంగులు వచ్చాయి. 1914 సెప్టెంబరు 29న కొమగాట మారు ఓడలో కెనడా నుంచి తిరిగివచ్చిన పంజాబీ ప్రయాణికులపై పోలీసులు కాల్పులు జరిపింది కూడా ఈ ఊరిలోనే. ఈ ఘట్టాలన్నీ చరిత్ర గ్రంథాలకు ఎక్కాయి. వైద్య చరిత్రకు సంబంధించిన మరొక సన్నివేశం మాత్రం ఆ దృష్టితో చూచినవారు లేక మరుగున పడిపోయింది.

1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకొని, కొలంబో, మద్రాసుల మీదుగా మొంబాసా అనే ఓడలో వచ్చి బడ్జ్ బడ్జ్ రేవులో దిగారు. ఫిబ్రవరి 19వ తేదీ ఉదయం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన రైలులో సియాల్దా స్టేషనుకు చేరుకున్నారు. అక్కడ ఆయన బండికి కట్టిన గుర్రాలను విప్పి విద్యార్థులే లాగారన్న సంగతి ప్రసిద్ధమే. అంతటి స్వాగతం అందుకున్న ఆ సన్న్యాసి వయస్సు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. కొద్ది వారాలకే విశ్రాంతి కోసం డార్జిలింగ్ వెళ్ళవలసి వచ్చింది. మధుమేహం ఆయనను అప్పటికే పట్టుకున్నది. 1902 జులై 4న, నలభై ఏళ్ళు నిండకుండానే, ఆయన దేహం చాలించారు.

1899లో ప్రారంభమైన ఉద్బోధన్ అనే బెంగాలీ పత్రికలో స్వామి ధారావాహికంగా ప్రకటించిన రచన ‘ప్రాచ్య ఓ పాశ్చాత్య’. అందులో ఆహారాన్ని గురించిన భాగం ఒక వైద్య పత్రంలాగా చదువదగినది. వంగదేశంలో ప్రబలుతున్న బహుమూత్ర వ్యాధికి అతిగా మెదడు శ్రమ పడటమే కారణమని ఆనాడు చదువుకున్నవారి నమ్మకం. స్వామి దానిని అంగీకరించలేదు. అటువంటి రోగులు ఎక్కడో ఒకరిద్దరు ఉండవచ్చునేమో గాని, మిగిలినవారి వ్యాధికి మూలం కడుపులోనే ఉన్నదని ఆయన వాదం. బొజ్జ పెరగటాన్ని ఆయన అజీర్ణానికి మొదటి గుర్తుగా ఎంచారు. నేతిలో, నూనెలో వేచిన పూరీలనూ, మిఠాయి దుకాణాలనూ తీవ్రంగా నిరసించారు. బయటి గాలిలో దూరం నడవాలనీ, కాలి కండరాలు ఇనుములా గట్టిపడాలనీ విధించారు.

దీనిని నేటి శాస్త్రంతో సరితూచడం న్యాయం కాదు. అజీర్ణమే మధుమేహానికి మూలమన్న మాట నిలవలేదు. మూత్రంలో కాస్త చక్కెర కనిపించినంత మాత్రాన భయపడవద్దని ఆయన చెప్పిన ధైర్యం కూడా నేటి వైద్యులు హర్షించేది కాదు. అయినా రోగి మొత్తం బరువును వదలి, బొజ్జను వేరుగా చూచి, దానికి చక్కెర వ్యాధితో ముడిపెట్టిన ఆ పరిశీలన ఎన్నదగినది. వైద్య పరిశోధన ఆ స్థానానికి చేరుకోవడానికి దాదాపు తొంభై సంవత్సరాలు పట్టింది. ఆ చేరుకోవడంలో బడ్జ్ బడ్జ్ ముందు నుంచే ఓడలెక్కి వెళ్ళిపోయిన మరొక జనసమూహానికి పెద్ద పాత్ర ఉన్నది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

ప్రాచీన వైద్యులు ఈ విషయం ఎరుగనివారు కారు. చరకసంహిత సూత్రస్థానంలో నిందితులైన ఎనిమిది రకాల దేహులను లెక్కించే అధ్యాయం ఒకటి ఉన్నది. వారిలో అతిస్థూలుడు, అతికృశుడు అనే ఇద్దరి గురించే సంహితాకారుడు విస్తరించి చెప్పాడు. అతిస్థూలునికి ఎనిమిది దోషాలు. వాటిలో మొట్టమొదటిది ఆయుఃక్షీణత. ఆ తరువాతవి చురుకుదనం తగ్గడం, దౌర్బల్యం, చెమట, దుర్గంధం, అతిగా ఆకలిదప్పులు వంటివి. స్థూలుడు, కృశుడు ఇద్దరిలో కృశుడే మేలని కూడా చరకుని తీర్పు. చికిత్సలో ఆయన పెట్టిన నియమం సూక్ష్మమైనది: ఆహారం జీర్ణమవడానికి బరువుగా ఉండాలి, కాని దేహాన్ని పుష్టి చేయకూడదు. పీచు పదార్థాలను గురించి నేడు చెప్పే మాటలకు ఇది దూరం కాదు.

సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేశాడు. ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేది, అపథ్యం వలన వచ్చేది అని రెండుగా విభజించాడు. మొదటి రోగి చిక్కిపోయి ఉంటాడు. రెండవవాడు స్థూలుడు, తిండి మెండుగా తినేవాడు, కూర్చున్న చోటు వదలనివాడు. వైద్యానికి ధనం లేని రోగికి సుశ్రుతుడు చెప్పిన చికిత్స విచిత్రంగా తోచవచ్చు. చెప్పులు, గొడుగు లేకుండా భిక్షాటనంతో వంద యోజనాలు నడవాలి, లేదా గోవుల వెంట తిరగాలి, లేదా బావి తవ్వాలి. ఈ రోగం ధనికులకే వస్తుందని సుశ్రుతుడు అనుకొని ఉంటే పేద రోగికి ఇంత వివరంగా విధి చెప్పనక్కరలేదు.

వంగదేశపు కవిరాజులు ఈ సంప్రదాయానికి వారసులు. వివేకానందస్వామి కూడా చివరి రోజులలో కవిరాజు చికిత్స చేయించుకున్నారు. నీళ్ళు, ఉప్పు మానివేసి పాలు ఆధారంగా గడపడం ఆ పథ్యం. రోగికి ప్రాణగండమైన ఈ నియమాన్ని కఠినమని విమర్శించవచ్చు గాని, ఆనాటి పాశ్చాత్య వైద్యుల దగ్గరా దీనికి మెరుగైన మందు లేదు. ఇన్సులిన్ కెనడాలోని టొరాంటోలో 1921లో వెలికివచ్చింది. తొలిసారిగా ఒక బాలునికి ఇచ్చింది 1922 జనవరిలో. అంతవరకు ఏ దేశంలోనైనా పథ్యమే వైద్యం.

ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో 1907లో బ్రిటిష్ వైద్య సంఘం సమావేశమైనప్పుడు ఉష్ణదేశాలలో మధుమేహాన్ని గురించి ఒక చర్చ జరిగింది. దానిని ప్రారంభించినవారు కలకత్తా వైద్య కళాశాలలో చాలాకాలం పనిచేసిన సర్ హావెలాక్ చార్లెస్. కలకత్తాలో పేరుమోసిన వైద్యుడు రాయబహదూర్ కైలాస్ చంద్ర బోస్ అభిప్రాయాలు కూడా ఆ చర్చలో చోటు చేసుకున్నాయి. ఇంగ్లండు ప్రభువులకు వాతరోగం ఎటువంటిదో, భారతదేశపు కులీనులకు మధుమేహం అటువంటిదన్న పోలిక ఆ రోజులలో వాడుకలోకి వచ్చింది. జమీందారు, న్యాయమూర్తి, వకీలు, కచేరీలో కూర్చునే గుమాస్తా – వీరే రోగులు. వీరంతా అన్నం, మిఠాయి తినేవారు, నడవనివారు, మెదడుతో పనిచేసేవారు. ఆ విధంగా మధుమేహం ‘బాబుల వ్యాధి’గా పేరుపొందింది.

ఈ నిర్ణయంలో ఒక లోపం ఉన్నది. వైద్యుని గుమ్మం తొక్కినవారినే వైద్యుడు లెక్కపెట్టగలడు. ఫీజు ఇచ్చుకోగల బాబు మూత్రాన్ని పరీక్షించారు. బడ్జ్ బడ్జ్ మిల్లులో మగ్గం ముందు నిలబడేవాని మూత్రాన్ని పరీక్షించవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. నది పొడవునా ఉన్న జనపనార మిల్లులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వెళ్ళిన తెలుగు కూలీల విషయమూ అంతే. వారికి రోగం లేదని ఎవరూ చూచి చెప్పలేదు. శ్రమ జీవనం వలన వారిలో మధుమేహం తక్కువగానే ఉండి ఉండవచ్చు. అయితే ఆ తక్కువదనాన్ని వారి తరగతికో, వారి రక్తానికో చెందిన శాశ్వత గుణంగా భావించడం పొరపాటు.

శ్రమజీవుల దేహాన్ని ఆనాటి పరిశోధకులు అసలు పట్టించుకోలేదని కాదు. పట్టించుకున్న కోణం వేరు. కలకత్తా వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రాచార్యుడు డి. మెక్కే బెంగాల్ జైళ్ళలోని ఖైదీల ఆహారాన్ని కొలిచాడు. విద్యార్థుల మూత్రాన్ని, రక్తాన్ని పరీక్షించాడు. 1912లో వెలువడిన తన గ్రంథంలో, అన్నమే ప్రధానంగా తినే బెంగాలీకి మాంసకృత్తులు చాలినంతగా అందడం లేదనీ, అందువల్లనే అతని కండ, బలం తక్కువనీ వాదించాడు. తక్కువ మాంసకృత్తులతోనే మనిషి ఆరోగ్యంగా జీవించగలడని అమెరికాలో చిట్టెండెన్ చెబుతున్న రోజులవి. మెక్కే గ్రంథం ఆ వాదానికి జవాబు. జాతులను గురించి మెక్కే చేసిన వ్యాఖ్యలలో వలస పాలకుని అహంకారం కనిపిస్తుంది. ఆ ధోరణిని తీసివేసి చూస్తే, కండ తక్కువైన భారతీయ దేహం అన్న ఆ పరిశీలన ఎనభై ఏళ్ళ తరువాత మరో రూపంలో తిరిగి వచ్చింది.

కలకత్తా ఉష్ణదేశ వైద్య కళాశాలకు 1914లో శంకుస్థాపన జరిగి, 1920లో బోధన మొదలైంది. కాలా అజారు, కలరా, కుష్ఠు వంటి వ్యాధుల పరిశోధనతో దాని కీర్తి పెరిగింది. అదే ఆవరణలో మధుమేహానికీ చోటు దొరికింది. అక్కడ జె.పి. బోస్ ఈ వ్యాధినే తన క్షేత్రంగా ఎన్నుకున్నారు. ఔషధశాస్త్రవేత్త రామ్‌నాథ్ చోప్రాతో కలిసి ఆయన చేసిన పని తెలుగువారికి ఆసక్తి కలిగిస్తుంది. బెంగాలీలు తేలాకుచా అనే తీగ మన కాకిదొండ. దాని ఆకురసం చక్కెర వ్యాధికి దివ్యౌషధమని వంగదేశంలో ప్రతీతి. చోప్రా, బోస్‌లు దానిని రోగులకిచ్చి రక్తాన్ని, మూత్రాన్ని పరీక్షించి 1925లో ఫలితాలను ప్రకటించారు. చక్కెర తగ్గలేదు. ప్రజల నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా, అదే సమయంలో నెత్తిన పెట్టుకోకుండా పరీక్షకు నిలబెట్టిన ఈ పద్ధతి నేటికీ మార్గదర్శకం. తరువాతి కాలంలో వేరే పరిశోధకులు ఆ మొక్కపై మళ్ళీ ప్రయోగాలు చేశారు.

ఇక ఓడలెక్కి వెళ్ళినవారి సంగతి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి ముప్పై ఆరుగురు కూలీలతో మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ చేరింది. ఆ తరువాత గార్డెన్ రీచ్ డిపోల నుంచి బయలుదేరిన వలస ఓడలు బడ్జ్ బడ్జ్ మిల్లుల పొగగొట్టాలను దాటుకొని సాగరానికి వెళ్ళేవి. దక్షిణాన కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుంచి, మద్రాసు నుంచి తెలుగువారు అదే దీవికి వెళ్ళారు. సుమారు అయిదు లక్షలమంది భారతీయులు మారిషస్‌లో అడుగుపెట్టారు. వారు ఎక్కిన మెట్లు ఉన్న ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. నటాల్‌కు 1860 నవంబరులో మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి, కొద్ది రోజుల తేడాతో రెండవ ఓడ బెల్వెడియర్ కలకత్తా నుంచి చేరాయి. ఈ జనంలో బాబులు లేరు. చెరకు నరకడానికి పనికివస్తారని డిపో వైద్యుడు చూచి పంపిన బక్కపలచని రైతులు, కూలీలు. వారికి ఒప్పందం ప్రకారం దొరికినది బియ్యం, పప్పు, ఉప్పు, నూనె వంటి దినుసులు.

నూరేళ్ళు గడిచాయి. 1950లు, 60లలో డర్బన్‌లోని కింగ్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో పనిచేసిన జి.డి. క్యాంప్‌బెల్ అనే వైద్యుడు తన వద్దకు వచ్చే భారతీయులలో చక్కెర వ్యాధి విపరీతంగా ఉండటం గమనించాడు. వారు చెరకు తోటల కూలీల మనుమలు, మునిమనుమలు. క్యాంప్‌బెల్ నేరాన్ని చక్కెరపై మోపాడు. కొత్త ఆహారానికి అలవాటుపడిన ఇరవై ఏళ్ళకు వ్యాధి బయటపడుతుందని సిద్ధాంతీకరించాడు. 1966లో టి.ఎల్. క్లీవ్‌తో కలిసి దానిని గ్రంథరూపంలో ప్రచురించాడు. చక్కెర ఒక్కటే కారణమన్న మాట ఎంత నిలుస్తుందన్నది వేరే చర్చ. మరొక అంశం మాత్రం అప్పుడే స్పష్టపడింది. కైలాస్ చంద్ర బోస్ బాబుల వ్యాధిగా భావించినది కూలీల ఇంటికి వచ్చి కూర్చున్నది. మెదడు శ్రమ సిద్ధాంతానికి ఇక చోటు లేదు.

మారిషస్ ప్రభుత్వం 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో అయిదువేలకు పైగా ప్రజలను పరీక్షింపజేసింది. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ జిమ్మెట్, గ్యారీ డౌస్ మొదలైనవారు ఈ పరిశోధనలో ప్రముఖులు. వయోజనులలో పదిమందికి ఒకరి కన్న ఎక్కువగా మధుమేహం కనిపించింది. భారతీయులలో ఎక్కువగా ఉంటుందని ముందే ఊహించారు. ఆఫ్రికన్ మూలాలున్న క్రియోల్ జనంలోనూ, చైనీయులలోనూ దాదాపు అంతే ఉండటం పరిశోధకులను ఆశ్చర్యపరిచింది. వ్యాధి ఒక జాతి సొత్తు కాదనీ, మారిన జీవనమే దానిని అందరి ఇళ్ళకూ తెచ్చిందనీ ఇది సూచించింది. అదే సంవత్సరం అక్కడి ప్రభుత్వం రేషన్ నూనెలో పామాయిల్‌కు బదులు సోయా నూనెను ప్రవేశపెట్టింది. అయిదేళ్ళలో ప్రజల రక్తంలో కొలెస్టరాల్ గణనీయంగా తగ్గింది. రక్తపోటు, ధూమపానం కూడా తగ్గాయి. అయితే స్థూలకాయం మాత్రం పెరిగింది. నూనెను మార్చినట్లుగా నడకను, తిండిని ఒక ఉత్తర్వుతో మార్చలేరని ఆ దీవి అనుభవం.

స్థూలకాయాన్ని కొలవడమెలా అన్న ప్రశ్న ఇక్కడే ముందుకు వచ్చింది. బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే 1830లలో ఒక సూత్రం కనిపెట్టాడు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడం ఆ సూత్రం. అతని ఉద్దేశం సగటు మనిషిని వర్ణించడమే. 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అది బి.ఎం.ఐ.గా లోకమంతటా వ్యాపించింది. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయమని హద్దులు ఏర్పడ్డాయి. ఈ హద్దులకు ఆధారమైన లెక్కలు ప్రధానంగా ఐరోపా, అమెరికా ప్రజలవి. 22 లేక 23 ఉన్న భారతీయునికి ఈ పట్టిక ప్రకారం భయం లేదు. అతనికి చక్కెర వ్యాధి ఎందుకు వస్తున్నదో పట్టిక చెప్పలేదు.

ఆ చిక్కు విప్పే దారిని మార్సెయ్ నగరపు వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే చూపాడు. కొవ్వు తుంటి, తొడల మీద చేరేవారికీ, పొట్ట మీద చేరేవారికీ రోగభయం ఒకటి కాదనీ, మధుమేహం, రక్తనాళాల వ్యాధి రెండవవారినే ఎక్కువగా పట్టుకుంటాయనీ అతడు రాశాడు. ఆ మాటను వైద్యలోకం చాలాకాలం పెడచెవిని పెట్టింది. 1980లలో స్వీడన్ పరిశోధకులు నడుము కొలతను తిరిగి ముందుకు తెచ్చారు. 1991లో పాల్ మెక్‌కీగ్, మైకేల్ మార్మట్ తదితరులు లండన్‌లోని సౌతాల్ ప్రాంతపు దక్షిణాసియా వలసదారులను, వారి తెల్లజాతి ఇరుగుపొరుగులను పోల్చి చూచారు. బి.ఎం.ఐ. సమానంగా ఉన్నా, దక్షిణాసియావారికి నడుము చుట్టూ కొవ్వు ఎక్కువ, ఇన్సులిన్ పనిచేయడానికి దేహంలో అడ్డంకి ఎక్కువ, మధుమేహం ఎక్కువ. ఉద్బోధన్ పాఠకులు చదివిన బొజ్జ తొమ్మిది దశాబ్దాల తరువాత లాన్సెట్ పత్రికకు ఎక్కింది.

బొజ్జలో కొవ్వు ఇంత చేటు ఎందుకు చేస్తుందో సులభంగా ఇలా చెప్పవచ్చు. చర్మం కింద ఉండే కొవ్వు దేహానికి గాదె వంటిది. మిగులు ఆహారం అక్కడ పదిలంగా ఉంటుంది. గాదె చిన్నదైనవాని ఇంట్లో పంట ఎక్కువైతే గింజలు నడవలోకి, వంటింటిలోకి వచ్చి పడతాయి. అలాగే మిగులు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాలలో చేరుతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి విడుదలైన ఆమ్లాలు నేరుగా కాలేయానికి పోతాయి. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానుతుంది. క్లోమం మరింత ఇన్సులిన్ తయారు చేసి చేసి అలసిపోతుంది. చక్కెరను ఖర్చు చేయవలసిన కండ ముందే తక్కువైతే ఈ పతనం మరీ త్వరగా జరుగుతుంది.

2004లో లాన్సెట్‌లోనే వెలువడిన ఒక చిన్న చిత్రం ఈ విషయాన్ని వంద వ్యాసాల కన్న బాగా చెప్పింది. అందులో ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలుచున్నారు. ఒకరు పుణె నగరపు చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. సరిగ్గా 22.3. యుడ్కిన్ దేహంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం. పుణె చుట్టుపక్కల గ్రామాలలో పుట్టిన శిశువులను కొలిచినప్పుడు కూడా యాజ్ఞిక్ బృందానికి ఇదే పోలిక కనిపించింది. ఇంగ్లండు శిశువుల కన్న బరువు తక్కువ. తగ్గినది కండ, కొవ్వు కాదు. మెక్కే చూచిన కండలేమి తల్లి గర్భం నుంచే మొదలవుతున్నదన్నమాట. కడుపులో ఉన్నప్పుడు పోషణ చాలని శిశువుకు పెద్దయ్యాక తిండి మెండుగా దొరికితే మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువని ఇంగ్లండులో హేల్స్, బార్కర్ 1992లో చేసిన ప్రతిపాదనకు ఇది బలం చేకూర్చింది.

తెలుగునాట దీనికి సాక్ష్యం వేరే దారిన లభించింది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధన కేంద్రం 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య కాలంలో దాని పోరాటం ఆకలితోనే. క్వాషియోర్కర్, జొన్న తినేవారిలో పెల్లాగ్రా వంటి లోపవ్యాధులే దాని విషయాలు. ఆ ఆకలి పోరాటమే అనుకోకుండా స్థూలకాయ పరిశోధనకు పొలమైంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు పరిసర గ్రామాలు 29 తీసుకొని, 15 గ్రామాలలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం అందేట్లు చేశారు. ఆ పిల్లలు యువ వయస్సుకు వచ్చాక పరిశోధకులు తిరిగి వెళ్ళి చూచారు. అదనపు ఆహారం అందిన గ్రామాలలో పుట్టినవారు కొంచెం పొడుగ్గా ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా తక్కువ అని 2008లో ప్రకటించారు. ఒక పూట ఉప్మా వంటి చిన్న సాయం ఇరవై ఏళ్ళ తరువాతి చక్కెర వ్యాధి మీద ప్రభావం చూపగలదన్న మాట తేలికైనది కాదు. అంగన్వాడీ పద్దులో రాసే ఖర్చును గుండెజబ్బుల పద్దులో ఎవరూ చూడరు.

కొలతలు మారడానికి ఈ ఆధారాలన్నీ కావలసి వచ్చాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అంతర్జాతీయ హద్దులను అలాగే ఉంచి, ఆసియావారి విషయంలో 23 నుంచే జాగ్రత్త పడవలసి ఉన్నదని చెప్పారు. 2009లో ప్రచురితమైన భారతీయ వైద్యుల ఏకాభిప్రాయం 23ను అధిక బరువుకు, 25ను స్థూలకాయానికి హద్దుగా నిర్ణయించింది. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదని కూడా విధించింది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించిన ఇండియాబ్ సర్వే 2023లో ఈ కొలతలతో వెల్లడించిన ఫలితం ఇది: వయోజనులలో బి.ఎం.ఐ. ప్రకారం స్థూలకాయులు 28.6 శాతం, నడుము ప్రకారం 39.5 శాతం. ఈ రెంటి మధ్య నున్నవారు తూకం మీద ఆరోగ్యవంతులు, టేపు మీద రోగభయం ఉన్నవారు. అదే సర్వే 2017లో ప్రకటించిన మరొక ఫలితం బాబుల వ్యాధి కథకు ముగింపు పలికింది. సంపన్న రాష్ట్రాల పట్టణాలలో మధుమేహం ధనికుల కన్న పేదలలోనే ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మిల్లు కార్మికుని మూత్రాన్ని ఇప్పుడు పరీక్షిస్తున్నారు.

చికిత్స చరిత్ర ఇంత గౌరవప్రదమైనది కాదు. 1930లలో డైనైట్రోఫినాల్ అనే రసాయనం చిక్కిపోవడానికి మందుగా అమెరికాలో అమ్ముడై, ప్రాణాలు తీసి, చూపు పోగొట్టి, నిషేధానికి గురైంది. ఆపైన ఆంఫెటమిన్ మాత్రల కాలం నడిచింది. ఆ హడావిడిలో నడక, పథ్యం పాతబడిన మాటలయ్యాయి. వాటిని శాస్త్రీయంగా పరీక్షించినవారిలో చెన్నైకి చెందిన ఎ. రామచంద్రన్ బృందం ముఖ్యమైనది. మధుమేహానికి అంచున ఉన్న 531 మందిని తీసుకొని, మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఏ సలహా లేనివారిలో 55 శాతం మందికి వ్యాధి వచ్చింది. రోజుకు అరగంట చురుకైన నడక, మితాహారం పాటించినవారిలో 39.3 శాతం మందికే వచ్చింది. విశేషమేమంటే, ఈ రెండవ వర్గం వారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. తూకపు ముల్లు కదలకపోయినా నడక పనిచేసింది. నాలుగు వారాలు నడిచి, బరువు తగ్గలేదని నిరాశపడి మానేసేవారికి ఈ ఫలితం తెలిస్తే బాగుండును.

2025లో మన దేశంలో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అనే సూది మందులు స్థూలకాయ చికిత్సకై విపణిలోకి వచ్చాయి. పేగులలో పుట్టే హార్మోనులను అనుకరించి ఆకలిని అణచడం వాటి పని. వారానికొక సూది. పదిలో ఒక వంతుకు మించి బరువు తగ్గినవారు ఎందరో ఉన్నారు. ఇంతవరకు వచ్చిన మందులలో ఇవి అత్యంత శక్తిమంతమైనవన్నది నిస్సందేహం. అదే సంవత్సరం జనవరిలో భారతీయ నిపుణులు స్థూలకాయానికి కొత్త నిర్వచనం ప్రకటించారు. 23 దాటిన బి.ఎం.ఐ. ఒక్కటే ఉంటే మొదటి దశ. దానికి నడుము చుట్టూ కొవ్వు, దాని వలన కలిగిన వ్యాధులు తోడైతే రెండవ దశ. దాదాపు అదే సమయంలో అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా బి.ఎం.ఐ. ఒక్కదాని మీద ఆధారపడి రోగనిర్ణయం చేయరాదని చెప్పింది.

ఈ మందులతో తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా చెప్పుకోదగినంత ఉంటుంది. కండ మిక్కుటంగా ఉన్న పాశ్చాత్య రోగికి ఆ నష్టం పెద్దది కాకపోవచ్చు. గర్భం నుంచే కండ తక్కువతో వచ్చినవానికి, ముఖ్యంగా వయస్సు మళ్ళినవానికి, ఆ లెక్క వేరు. అందుచేతనే మందుతో పాటు మాంసకృత్తులు, బరువులెత్తే వ్యాయామం తప్పనిసరిగా ఉండాలని వైద్యులు చెబుతున్నారు. బడ్జ్ బడ్జ్ రేవులో దిగిన సన్న్యాసి కాలి కండరాలను గురించి చెప్పిన మాట ఇప్పుడు ఔషధశాస్త్రం ముందుకు ప్రశ్నగా వచ్చింది. సూది మందు బొజ్జతో పాటు ఎంత కండను తీసుకొని పోతుందో, మందు మానిన తరువాత తిరిగి వచ్చే బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో, సన్నని భారతీయ దేహాలపై దీర్ఘకాలం జరిపే పరిశీలనలే తేల్చవలసి ఉన్నది.